చల్లారే దాకా

ఆసుపత్రి మొత్తం మీద ఆమెని అసలు పేరుతో గుర్తుపెట్టుకున్నది ఒక్క హాజరు పుస్తకమే. మిగతా అందరికీ ఆమె ఆవిరమ్మ. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ ఊరికే పెట్టలేదు. ఆపరేషన్ థియేటర్ కింది అంతస్తులో, బయటికి ఒక్క కిటికీ అయినా లేని పొడవాటి గదిలో, మనిషెత్తు ఆవిరి యంత్రం పక్కన ఆమె పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. పైన వాడిన కత్తులు, కత్తెరలు, పట్టకార్లు రక్తంతో సహా ఆమె దగ్గరికి దిగుతాయి. వాటిని సబ్బునీళ్ళలో నానబెట్టి, కీలు కీలుకీ బ్రష్షు పెట్టి తోమి, ఆరబెట్టి, భూతద్దం కింద పెట్టి చూసి, లెక్కపెట్టి, పళ్ళెంలో వరసగా పేర్చి, రెండు పొరల నీలం గుడ్డలో మూట కట్టి యంత్రంలోకి తోస్తుంది. నూట ముప్పై నాలుగు డిగ్రీల ఆవిరిలో ఉడికి, ఆరి, శుద్ధమైన మూటలుగా అవి మళ్ళీ పైకి వెళ్తాయి.

ఆపరేషన్ బాగా జరిగితే డాక్టరుని పొగుడుతారు, నర్సు చేతులు పట్టుకుంటారు. కత్తి కడిగినావిడ ఒకతి ఉంటుందని రోగికి తోచను కూడా తోచదు. తోచకపోవడమే మంచిదిలెండి. తోచిందంటే ఎక్కడో ఏదో తేడా వచ్చిందన్నమాటే.

మొదట్లో ఆవిరమ్మకి ఈ పని మీద మనసు ఉండేది కాదు. ఆమె మనసంతా తను వెళ్ళే చర్చి సంఘంలోని ప్రార్థన బృందం మీద ఉండేది. వాళ్ళు వారం వారం వార్డులకి వచ్చి, ఒక్కో మంచం దగ్గరా నిలబడి, రోగి తల మీదో నొప్పి ఉన్నచోటో చెయ్యి పెట్టి ప్రార్థించేవాళ్ళు. చెయ్యి తగలని ప్రార్థన వాళ్ళ దృష్టిలో సగం ప్రార్థనే. నేనూ వస్తానని ఈవిడ అడిగితే, బృందం పెద్దమ్మ "నీకెక్కడ కుదురుతుందమ్మా, నువ్వు గిన్నెలు తోముకునే వేళకి మేము వస్తాం" అనేసింది. గిన్నెలు తోమడం అన్న మాట ఆవిరమ్మకి చాలా రోజులు గుచ్చుకుంది. అయినా నోరెత్తలేదు. ఆవిడ అన్నదాంట్లో అబద్ధం ఏముంది గనక?

తర్వాత ఒక రోజు మూట కడుతూ ఉండగా, గుడ్డకి నాలుగు మూలలుంటాయన్న సంగతి ఆమెకి కొత్తగా కనపడింది. అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. మొదటి మూల మడిచేటప్పుడు, "ఈ మూట ఎవరికోసమో నీకు తెలుసు ప్రభువా, ఆ మనిషిని చూసుకో" అనేది. రెండో మూలకి కోసే చేతుల కోసం. మూడో మూలకి బయట బెంచీ మీద కూర్చుని గోళ్ళు కొరుక్కునేవాళ్ళ కోసం. నాలుగో మూల లోపలికి దోపి, "నా పని అయింది, ఇక నీ పని" అనేసి టేపు అంటించేది. పెదాలు కదలడం తప్ప బయటికి ఏమీ వినపడేది కాదు. మనిషి ఆడో మగో, పిల్లో ముసలో ఆమెకి తెలిసేది కాదు. తెలియకుండానే రోజుకి పాతిక ముప్పై మంది ఆమె చేతుల్లోంచి దేవుడి చేతుల్లోకి వెళ్ళేవాళ్ళు. గిన్నెలు తోముకునే పని అలా ఆమెకి గుడి మెట్టంత పవిత్రమైపోయింది. ప్రార్థన బృందం మీద కోపం కూడా పోయింది.

ఆ గదికి ఇన్‌ఛార్జి ఒకాయన ఉన్నాడు. అందరూ పెద్దాయన అంటారు. రేపో మాపో పదవీ విరమణ, ముక్కు మీద కోపం, నాలుక మీద వెటకారం. ఆవిరమ్మ పెదాలు కదలడం ఆయన మొదటివారమే పసిగట్టాడు.

"దేవుడి సంగతి నాకు తెలీదమ్మాయ్, నూట ముప్పై నాలుగు డిగ్రీల సంగతి తెలుసు. నువ్వు ఆయన్ని నమ్ముకో, నేను దీన్ని నమ్ముకుంటాను. రోగి బాగుపడితే పేరు ఇద్దరికీ చెరిసగం" అన్నాడు.

ఆయన నేర్పిన నియమాల్లో ఆమె ఎన్నడూ తప్పనిది ఒకటుంది. యంత్రంలోంచి లాగిన మూట చల్లారే దాకా దాన్ని ముట్టుకోకూడదు. మూటలుంచే బండికి తగిలించిన థర్మామీటరు ముల్లు ఎర్రగీత మీంచి పచ్చగీత కిందికి దిగాలి, అప్పుడే చెయ్యి వెయ్యాలి. "వేడి గుడ్డ మీద చెయ్యి పెట్టావనుకో, అక్కడ చెమ్మ పుడుతుంది. ఆ చెమ్మ పట్టుకుని నీ చేతి మీది క్రిమి లోపలికి నడిచిపోతుంది. కాసేపటికి చెమ్మ ఆరిపోతుంది, పైకి ఏమీ కనపడదు. కనపడదు గనకే భయపడాలి" అని ఆయన చెప్పాడు. పదకొండేళ్ళలో ఆవిరమ్మ వేడి మూట మీద ఈగని కూడా వాలనివ్వలేదు.

ఆమెకి ఒక తమ్ముడున్నాడు. ఇళ్ళకి రంగులు వేస్తాడు. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, ఈమెకి పద్నాలుగు. వాడికి అన్నం తినిపించిందీ, అక్షరాలు దిద్దించిందీ, జ్వరం వస్తే చంకనేసుకుని తిరిగిందీ ఈమే. వాడికి ముప్పై నాలుగేళ్ళు వచ్చినా పెళ్ళి లేదు. పెళ్ళి మాటెత్తితే చాలు, నిచ్చెనెక్కేసి పైనుంచి మాట్లాడేవాడు. "అక్కోయ్, కింద నీ కేకలు వినపడట్లేదు, సున్నం రాలుతోంది తప్పుకో" అనేవాడు.

రెండు నెలల కిందట వాడి ఎడమకాలి చెప్పు జారిపోవడం మొదలైంది. జారినట్టు కూడా తెలిసేది కాదు, నాలుగడుగులు వేశాక చూసుకునేవాడు. తర్వాత నిచ్చెన మెట్టు తప్పింది. పరీక్షలు చేస్తే వెన్నులో గడ్డ. మంచి గడ్డేనన్నారు, అంటే ప్రాణం తియ్యదు, పక్కకి పాకదు, తీసేస్తే పోతుంది. ఎటొచ్చీ తీసేదాకా వెన్నునరాన్ని నొక్కుతూనే ఉంటుంది. ఆ నొక్కుడు ఒక హద్దు దాటితే కాళ్ళు ఇక తిరిగి రావు. హద్దు ఎక్కడుందని ఆవిరమ్మ అడిగితే, ఎవరూ చెప్పలేరమ్మా, వారాల లెక్క కాదు, రోజుల లెక్క అన్నారు. ఆ ఆపరేషన్ చేసే డాక్టరు వేరే ఊరినుంచి ఈ ఆసుపత్రికి బుధవారం ఒక్కరోజే వస్తాడు. పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్దామంటే అక్కడ వరస మూడు వారాలుంది. బుధవారం పొద్దున తొమ్మిదింటికి మొదటి కేసు మీ తమ్ముడిదే అన్నాక ఆమెకి కాస్త ఊపిరాడింది.

ఆ బుధవారం డ్యూటీకి దిగేముందు వార్డుకి వెళ్ళింది. తమ్ముడు మెలకువగానే ఉన్నాడు.

"అక్కా, ఇవాళ నా వీపుకి మీ గదిలో ఉడికిన కత్తులేనా?"

"నేను ఉడికించినవే. ఎగతాళి చెయ్యకు."

"ఉప్పూ కారం సరిచూడు మరి" అన్నాడు. తర్వాత నవ్వు ఆపి, "ఇది చూడు" అని కుడి బొటనవేలు కదిపాడు. కష్టపడి, పెదవి కొరుక్కుని కదిపాడు. ఎడమది కదపలేదు. కదపమని ఆమె అడగలేదు.

వెన్ను ఆపరేషన్‌కి వాడే సెట్టు ఆసుపత్రి మొత్తానికి ఒక్కటే ఉంది. అరవై రెండు పరికరాలు, అన్నీ ఇంతింత బరువు. ముందురోజు సాయంత్రం ఎముకల డాక్టరు దాన్ని వాడి పంపాడు. అలా పంపడం మంచిదే అయింది, తమ్ముడి సెట్టు తన చేత్తో చేసుకోవచ్చు అనుకుంది ఆవిరమ్మ. అయిదింటికి మొదలుపెట్టింది. ఎముక కొరికే పట్టకారు పళ్ళ సందుల్లో మామూలుగా మూడుసార్లు బ్రష్షు తిప్పేది, ఆ రోజు పదిసార్లు తిప్పింది. లెక్క రెండుసార్లు చూసింది. పెద్దాయన కళ్ళజోడు పైకి తోసి చూసి, "అరగదీస్తావా ఏం, డాక్టరుకి కొంచెం మిగల్చు" అన్నాడు. ఆ మాటలో జాలి ఉందని ఇద్దరికీ తెలుసు.

మూట కట్టేటప్పుడు చిక్కొచ్చింది. మొదటి మూల పట్టుకుని, ఈ మూట ఎవరికోసమో నీకు తెలుసు అనబోయి ఆగిపోయింది. ఎవరికోసమో తనకీ తెలుసు. పదకొండేళ్ళుగా మూల మూలకీ వరసగా వచ్చే మాటలు ఒక్కటీ రాలేదు. "తమ్ముడు" అని మాత్రం అంది. నాలుగు మూలలకీ అదే మాట అంది. చివర్లో ఇక నీ పని అని అప్పగించడానికి నోరు రాలేదు. టేపు అంటించి యంత్రంలోకి తోసింది.

ఏడున్నర దాటాక యంత్రం కూత పెట్టింది. తలుపు తెరిచి, చేతులకి మందపాటి తొడుగులు వేసుకుని, బండి బయటికి లాగింది. దాని మీద ఉన్నది ఆ ఒక్క పెద్ద మూటే. టేపు మీది గీతలు నల్లబడి ఉన్నాయి, అంటే ఆవిరి బాగా పట్టిందని గుర్తు. తర్వాతి వరస మూటల్ని లోపలికి తోసి, మీట నొక్కి, తొడుగులు విప్పి వంకీకి తగిలించింది. పెద్దాయన టీకి వెళ్ళాడు. గదిలో ఆమె, ఆ మూట, యంత్రం రొద తప్ప ఏమీ లేవు.

ఇంకో గంటలో ఈ మూట విప్పుతారు. ఇందులో ఉన్నవి వాడి వీపులోకి వెళ్తాయి. ఆమె వెళ్ళడానికి లేదు. ఆ తలుపు దాటి ఆమెని రానివ్వరు. వాడు జ్వరంతో మూలిగినప్పుడల్లా నుదుటి మీద ఈ చెయ్యే ఉంది. ఇవాళ ఆ చెయ్యి ఉండదు. మనసు పట్టలేక బండి దగ్గరికి వెళ్ళింది. కళ్ళు మూసుకుంది. సంఘంలో పెద్దలు రోగి మీద పెట్టినట్టే, కుడి అరచెయ్యి చాచి మూట నడుమ పెట్టింది.

చెయ్యి చుర్రుమంది. అయినా తియ్యలేదు. మంట భరించడం కూడా ప్రార్థనే అనిపించింది. వాడి కాళ్ళు ప్రభువా, వాడి కాళ్ళు అంటూ ఎంతసేపు నిలబడిందో ఆమెకి తెలియదు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా థర్మామీటరు ముల్లు ఎర్రగీత మీద నిలబడి ఉంది.

చెయ్యి లాక్కుంది. నీలం గుడ్డ మీద అయిదు వేళ్ళతో సహా చెయ్యి అచ్చు ముదురుగా కనపడింది. చూస్తూ ఉండగానే అంచుల నుంచి ఆరుతూ వచ్చింది. బొటనవేలు పోయింది, చిటికెనవేలు పోయింది. ఇంకాసేపటికి అక్కడ ఏమీ లేదు. మూట ఎలా ఉండాలో అలా ఉంది.

ఎవరూ చూడలేదు. ఇంకో గంటకి చల్లారుతుంది, పైకి పంపేస్తే ఆపరేషన్ జరిగిపోతుంది. చెప్పిందంటే మూట విప్పాలి, మళ్ళీ కట్టాలి, మళ్ళీ ఉడకాలి, మళ్ళీ చల్లారాలి. డాక్టరు ఉండేది ఇవాళ ఒక్కరోజే, తమ్ముడి కాళ్ళకి ఇంకో వారం వ్యవధి ఉందో లేదో. చేతులు కడుక్కునే పెట్టాను కదా అనుకుంది. నిండా ఒక నిమిషం కూడా పెట్టలేదేమో అనుకుంది. ప్రేమతో పెట్టాను, నీ పేరు మీద పెట్టాను, ఆ మాత్రం క్రిమిని నువ్వు చంపలేవా అని దేవుడినే నిలదీసింది.

దేవుడు ఏమీ అనలేదు. ఆయన మాట్లాడి ఉంటే ఆమెకి ఎంత తేలికయ్యేదో. ఇన్నేళ్ళూ నా పని నేను సరిగ్గా చేశాను, మిగతాది నీది అని ఒప్పందం చేసుకున్న మనిషి, ఇవాళ తన పని కూడా ఆయన నెత్తిన పెడుతోంది. ఆ సంగతి ఆమెకి తెలిసిపోయింది. తెలిసిందాన్ని తెలియనట్టు ఉండడం ఆమెకి ఎప్పుడూ చేతకాలేదు. మూలకున్న స్టూలు మీద కూర్చుంది. అచ్చు పడినచోటు ఎక్కడో ఇప్పుడు ఎవరికీ తెలియదు, ఆమె కళ్ళకి మాత్రం అక్కడే ఉంది. దాని కింద తమ్ముడి వెన్ను కనపడింది, తెరిచిన వెన్ను, అందులోకి తన చేత్తో తోలిన చీము.

పెద్దాయన వచ్చేసరికి ఎనిమిది కావస్తోంది.

"సార్, వెన్ను సెట్టు పాడైంది" అంది.

ఆయన వంగి మూట చూశాడు. టేపు చూశాడు, ముల్లు చూశాడు. "దివ్యంగా ఉంది కదమ్మా."

"వేడి మీద చెయ్యి పెట్టాను."

"నువ్వా?"

"ప్రార్థన చేశాను సార్. చెయ్యి పెట్టి చేశాను."

ఎముక కొరికే పట్టకారు కింద పడేసిందన్నా, లెక్క తప్పిందన్నా పెద్దాయన అగ్గి మీద గుగ్గిలమయ్యేవాడు. ఇప్పుడు చేతిలో ఉన్న టీ కప్పు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు. తర్వాత వీపు తిప్పి, గోడ మీది పట్టిక చదువుతున్నట్టు నటిస్తూ అన్నాడు.

"నాకు ఈ చెవి సరిగ్గా వినపడదు అమ్మాయ్. నువ్వేదో అన్నావు, నేను వినలేదు. ఇంకోసారి అంటే వింటాను. అనకపోతే లేదు."

అలాంటి మాట ఆయన నోట రావడం ఆమె ఎన్నడూ ఎరగదు. ఆయనది నియమాలు తప్పే వీపు కాదు. ఆ వీపు ఆమెకోసం అంత కష్టపడి అటు తిరిగిందని అర్థమై ఆవిరమ్మకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, పైకి వినపడేలా ఇంకోసారి చెప్పింది.

"వేడి మూట మీద చెయ్యి పెట్టాను సార్."

ఆయన తిరిగాడు. కప్పు కింద పెట్టి ఫోనందుకున్నాడు.

పైనుంచి జవాబు పది నిమిషాల్లో వచ్చింది. థియేటర్ సిస్టరు చెప్పిన లెక్క ఇది. వెన్ను ఆపరేషన్‌కి అయిదు గంటలు పడుతుంది. డాక్టరు నాలుగింటికల్లా బయల్దేరాలి, వేరే ఊళ్ళో సాయంత్రం ఇంకొక మనిషి ఆయన కోసం టేబుల్ మీద ఉంటాడు. ఈలోపు చిన్న కేసు ఒకటి చేసేస్తాడు. పదిన్నరకి సెట్టు థియేటర్లో ఉంటే తమ్ముణ్ణి తీసుకుంటాడు. సెట్టు గదిలోకి రాకుండా మత్తు ఇవ్వనని మత్తు డాక్టరు ముందే చెప్పేశాడు. పదిన్నర దాటితే మాత్రం ఇవాళ్టికి లేనట్టే.

పెద్దాయన, ఆవిరమ్మ కలిసి మూట విప్పారు. అందులోంచి ఒక్కొక్కటే తీసి, మళ్ళీ లెక్కపెట్టి, కొత్త గుడ్డలో కట్టారు. యంత్రంలో అప్పటికే వేరే మూటలు ఉడుకుతున్నాయి. వాటిలో ఒకటి కాన్పు సెట్టు, ఆపి తీస్తే అదీ పాడవుతుంది. తొమ్మిదింటి దాకా తలుపు తెరుచుకోదు. తొమ్మిదింటికి లోపలికి వెళ్ళింది పది దాటాక గానీ బయటికి రాదు. అంత బరువు సెట్టు చల్లారడానికి ఎంత లేదన్నా గంట. ఈ లెక్క ఇద్దరికీ నోటికొచ్చు. అయినా మూటకి టేపు అంటించి యంత్రం తలుపు పక్కనే ఉంచారు.

పది దాటి అయిదు నిమిషాలకి బండి బయటికొచ్చింది. ఆవిరమ్మ తొడుగులు విప్పి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చెయ్యి మణికట్టు గట్టిగా పట్టుకుంది. అరచెయ్యి ఇంకా మండుతూనే ఉంది.

"ఫ్యాన్ పెడితే సార్?"

"దుమ్ము."

"చల్లటి గదిలోకి తోస్తే?"

"చెమ్మ. నీకు తెలియందా. కాలం తప్ప దీనికి మందు లేదు."

ఆమె పనిలో చేతులకి ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది, తోమడానికో తుడవడానికో మడవడానికో. ఆ చేతులతోనే దేవుణ్ణి పట్టుకుంది ఇన్నేళ్ళూ. ఇప్పుడు చేయగలిగిందల్లా చెయ్యకుండా ఉండడం. ఇది కూడా పనేనా, ఇది కూడా నీకేనా అని అడిగింది. మనుషులు నిస్సహాయులై నిలబడ్డప్పుడు దేవుడు దగ్గరికొస్తాడని సంఘంలో చాలాసార్లు విన్నది. రాలేదు. ముల్లు వైపు చూసింది. ముల్లు ఒక గీత దిగింది. ఇంకో గీత దిగడానికి ఒక జీవితం పట్టినట్టు ఉంది.

సరిగ్గా పదిన్నరకి ఫోను మోగింది. పెద్దాయన ఎత్తి, విని, ఆమె చేతికిచ్చాడు.

"ఆవిరమ్మక్కా, చల్లారిందా?" థియేటర్ సిస్టరు గొంతు తగ్గించి మాట్లాడుతోంది. "డాక్టరుగారు ఇక్కడే నిలబడి ఉన్నారు. మీ తమ్ముణ్ణి తలుపు దాకా తీసుకొచ్చేశాం. నువ్వు చల్లారిందంటే మూట ఎత్తుకొచ్చేస్తాం. నీ మాటే ఇక."

ముల్లు ఎర్రగీతకీ పచ్చగీతకీ మధ్య సగంలో ఉంది.

"చెప్పక్కా."

"చల్లారలేదు సిస్టర్."

"ఎంతసేపు?"

"ఇంకో అరగంట."

అటువైపు ఎవరితోనో ఏదో మాట్లాడటం వినపడింది. బండి చక్రాలు కదిలిన చప్పుడు వినపడింది. అది తమ్ముడి మంచమే అయ్యుంటుంది, వెనక్కి తిప్పుతున్నారు.

"సరే అక్కా" అని సిస్టరు పెట్టేసింది.

పదకొండు దాటాక ముల్లు పచ్చగీత కిందికి దిగింది. ఆవిరమ్మ మూటనెత్తి, తారీఖు రాసి, శుద్ధమైన మూటల అల్మారాలో పెట్టింది. వచ్చే బుధవారం దాకా అది అక్కడే ఉంటుంది.

పెద్దాయన రిపోర్టు కాగితం ముందేసుకుని కూర్చున్నాడు. "ఎవరు అన్నచోట నీ పేరు రాయాలి. ఎలా జరిగింది అన్నచోట ఏం రాయమంటావు?"

"ప్రార్థన చేశానని రాయండి."

ఆయన కలం పట్టుకుని చాలాసేపు కాగితం వైపు చూశాడు. చివరికి 'పొరపాటున చెయ్యి తగిలింది' అని రాశాడు. "ఇంటికెళ్ళు. కాదు, వాడి దగ్గరికెళ్ళు" అన్నాడు.

వార్డులో తమ్ముడు వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్నాడు. అక్కడక్కడా రంగు పెచ్చులూడి ఉంది. ఆమె పక్కనున్న కుర్చీలో కూర్చుంది.

"డాక్టరు వచ్చి వెళ్ళాడక్కా. వచ్చే బుధవారం మొదటి కేసు నాదేనట. ఈ వారంలో ఏమీ కాకపోవచ్చట." కాకపోవచ్చు అన్న మాటని వాడు నొక్కి పలికాడు. "మీ గదిలో ఎవరో మూట మీద చెయ్యి పెట్టేశారటగా. ఎవరా మహానుభావుడు? పేరు చెప్పు. లేచాక వాళ్ళింటి గోడలన్నిటికీ తారు పూసి వస్తా."

"నేనేరా."

వాడు నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపాడు.

"నువ్వెందుకు పెడతావు? నీకు తెలీదా?"

"నీ కోసం ప్రార్థన చేస్తూ పెట్టాను."

వాడు పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయాడు.

"వాళ్ళకెలా తెలిసింది?"

"నేనే చెప్పాను."

"చెప్పకపోతే?"

"ఈపాటికి నీకు ఆపరేషన్ జరుగుతూ ఉండేది."

"ఏమన్నా అయ్యేదా?"

"ఏమో. ఏమీ కాకపోయుండొచ్చు. లోపల చీము పట్టి నువ్వు పోయుండొచ్చు. నాకు తెలీదు."

"ఇంకెవరి మూటో అయ్యుంటే కూడా ఇలాగే వెళ్ళి చెప్పేదానివా?"

"ఇంకెవరిదో అయ్యుంటే చెయ్యి పెట్టేదాన్నే కాదురా" అంది ఆవిరమ్మ. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఆమెకి అది ఎంత నిజమో తెలియలేదు. ముక్కూ మొహం తెలియని వేలమందికి పదకొండేళ్ళు మచ్చ లేకుండా చేసింది. సొంతవాడికి చెయ్యాల్సివచ్చిన రోజున ప్రేమ ఎక్కువై పాడుచేసింది. క్షమించమని అడుగుదామనుకుంది. వాడినా, దేవుడినా, ఎవరిని ముందు అడగాలో తెలియక ఎవరినీ అడగలేదు.

తమ్ముడు మొహం అటు తిప్పుకున్నాడు. వాడి మెడ మీద నరం కదులుతోంది. చిన్నప్పుడు ఏడుపు ఆపుకోవాలనుకున్నా అలాగే చేసేవాడు. అటు తిరిగే అడిగాడు.

"రేపు పనిలోకి వెళ్తావా?"

"వెళ్ళాలి. పొద్దునే పదకొండు మూటలున్నాయి."

"వెళ్ళు. వాళ్ళవన్నా సరిగ్గా చెయ్యి."

అది తిట్టో, దీవెనో ఆమెకి అర్థం కాలేదు. అడగాలనీ అనిపించలేదు. సరేనంది. ఎండ కిటికీలోంచి మంచం కాళ్ళ దాకా వచ్చి ఆగింది. వాడు నెమ్మదిగా ఇటు తిరిగాడు. కోపం వాడి మొహంలో లేదు. ఏదో పోయిన వస్తువు కోసం లోలోపలే వెతుక్కుంటున్న మనిషిలా ఉన్నాడు.

"అక్కా, నా కాళ్ళ మీద దుప్పటి ఉందా?"

ఆమె చూసింది. దళసరి ఉన్ని దుప్పటి, నడుం నుంచి పాదాల దాకా, రెండు కాళ్ళ మీదా నిండుగా కప్పి ఉంది.

"ఉందిరా" అంది.